అక్షరాభ్యాసం నుంచి పదో తరగతి వరకు: కతోలిక పాఠశాలలో ఏ మెట్టుపై ఏ పాఠం?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల: వేసవి సెలవులు ముగిసే వేళకు ఈ మూడు పట్టణాల్లోని తల్లిదండ్రులను ఒకే ప్రశ్న వేధిస్తుంది. పిల్లవాడిని ఏ బడిలో చేర్చాలి? కన్యస్త్రీలు, గురువులు నడిపే కతోలిక పాఠశాలలంటే క్రమశిక్షణకు, ఆంగ్లానికి పెట్టింది పేరని నమ్మేవారు అన్ని మతాల్లోనూ ఉన్నారు. అదే సమయంలో అక్కడ పిల్లలకు మతం బోధిస్తారా, ఏ తరగతిలో ఏమి నేర్పుతారు, ప్రభుత్వ పాఠ్యప్రణాళిక అమలవుతుందా అనే సందేహాలూ ఉన్నాయి. పాఠశాల గేటు దగ్గర గుమస్తా ఇచ్చే దరఖాస్తు ఫారంలో వీటికి సమాధానాలు దొరకవు. శిశు తరగతి మొదలు పదో తరగతి దాకా కతోలిక బడిలో విద్యార్థి ఎక్కే మెట్లు ఏమిటో, ఒక్కో మెట్టుపై నేర్చేది ఏమిటో, చేర్చే ముందు తెలుసుకోవలసినది ఏమిటో ఈ కథనం వివరిస్తుంది.

'సెయింట్' అనే పేరుంటే చాలదు

పునీతుల పేర్లు పెట్టుకున్న ప్రైవేటు బడులు రాయలసీమలో ప్రతి పట్టణంలోనూ కనిపిస్తాయి. పేరు ముందు 'సెయింట్' అని ఉన్నంత మాత్రాన అది కతోలిక పాఠశాల కాదు. కతోలిక శ్రీసభ చట్టంలోని 803వ నిబంధన ప్రకారం శ్రీసభ అధికారులు నడిపేది గానీ, వారు లిఖితపూర్వకంగా గుర్తించినది గానీ మాత్రమే కతోలిక పాఠశాల. అధికారుల అనుమతి లేకుండా ఏ బడీ ఆ పేరు పెట్టుకోరాదని కూడా అదే నిబంధన చెబుతుంది. అందువల్ల బడిని నడిపేది మేత్రాసనమా, మఠవాసుల సభా, లేక ప్రైవేటు వ్యక్తులా అని ముందుగా అడిగి తెలుసుకోవాలి.

మరో పొరపాటు కూడా ఇక్కడ సర్వసాధారణం. 'మిషన్ బడి' అనగానే అన్నీ ఒకటేనని భావిస్తారు. కడప జిల్లాలో లండన్ మిషనరీ సొసైటీ 19వ శతాబ్దం తొలినాళ్ళలోనే పని ప్రారంభించింది. జమ్మలమడుగులోని క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఆ సంస్థ నెలకొల్పినదే. అది ప్రొటెస్టంటు శాఖ. ఆ సంఘాలు 1947లో ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) కిందికి వచ్చాయి. కతోలికులది వేరే పరంపర. 18వ శతాబ్దంలో 'కర్ణాటక మిషన్' పేరిట ఫ్రెంచి జెస్యూట్ గురువులు ఈ సీమలో తిరిగారు. 1773లో జెస్యూట్ సభను రోమునగరం రద్దు చేయడంతో ఆ పని కుంటుపడింది. తరువాతి కాలంలో మిల్‌హిల్ మిషనరీలు తెలుగు ప్రాంతానికి వచ్చారు. 1928లో నెల్లూరు, 1967లో కర్నూలు, 1976లో కడప మేత్రాసనాలు ఏర్పడ్డాయి. అవిభక్త కడప, చిత్తూరు జిల్లాలు కడప మేత్రాసనం పరిధిలోనివి. మూడు పట్టణాల కతోలికులకూ పీఠాధిపతి కడపలోనే ఉంటారు.

పులివెందులలో వై.ఎస్.రాజారెడ్డి పేరును జతచేసుకున్న లయోలా డిగ్రీ కళాశాల, లయోలా పాలిటెక్నిక్ జెస్యూట్ల నిర్వహణలోనివి. ఆయన కుమారుడు, ముఖ్యమంత్రిగా పనిచేసిన డాక్టర్ వై.ఎస్.రాజశేఖరరెడ్డి చదివిన విజయవాడ ఆంధ్ర లయోలా కళాశాల కూడా జెస్యూట్లదే. కుటుంబం ప్రొటెస్టంటు శాఖకు చెందినా చదువు కతోలిక సంస్థలో సాగడం ఈ ప్రాంతంలో కొత్త విషయం కాదు.

ఒకే గంటలో రెండు చదువులు

కతోలిక బడిలో రెండు పాఠ్యక్రమాలు పక్కపక్కనే నడుస్తాయి. మొదటిది ప్రభుత్వానిది. రాష్ట్ర బోర్డు గుర్తింపు ఉన్న బడి అయితే గణితం, సామాన్య శాస్త్రం, సాంఘికం, భాషలు అన్నీ మిగతా బడులలో వలెనే బోధించాలి. పుస్తకాలు అవే, పరీక్షలు అవే. ఏడాదికి నాలుగు నిర్మాణాత్మక మదింపులు, రెండు సంగ్రహణాత్మక మదింపులు అవే. సి.బి.ఎస్.ఇ. లేదా ఐ.సి.ఎస్.ఇ. అనుబంధం ఉంటే ఆ బోర్డు నియమాలు వర్తిస్తాయి.

రెండవది విశ్వాసానికీ విలువలకూ సంబంధించినది. ఇది అందరికీ ఒకటి కాదు. కతోలిక పిల్లలకు సత్యోపదేశం, మిగతా పిల్లలకు నైతిక విద్య అనే విభజన సాధారణంగా పాటించే పద్ధతి. ఒకే గంటలో కతోలిక పిల్లలు ఒక గదికి వెళితే, హిందూ, ముస్లిం, ఇతర క్రైస్తవ శాఖల పిల్లలు మరో గదిలో నీతి కథలు, జీవన నైపుణ్యాలు చదువుతారు.

ఈ విభజన వెనుక రాజ్యాంగం ఉంది. 30వ అధికరణం మతపరమైన, భాషాపరమైన అల్పసంఖ్యాక వర్గాలకు తమ ఇష్టానుసారం విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకునే హక్కు ఇచ్చింది. 28వ అధికరణంలోని మూడవ క్లాజు ప్రభుత్వ గుర్తింపు లేదా నిధులు పొందే సంస్థలో చదివే ఎవరినీ వారి సమ్మతి లేకుండా మతబోధలో గానీ ఆరాధనలో గానీ పాల్గొనవలసిందిగా నిర్బంధించరాదని చెప్పింది. విద్యార్థి మైనరు అయితే సమ్మతి ఇవ్వవలసింది సంరక్షకుడు. అంటే బడి నడిపే హక్కు యాజమాన్యానిది, మతబోధకు సరేననడం, కాదనడం తల్లిదండ్రులది.

శ్రీసభ పత్రాలు కూడా ఇదే దిశలో ఉన్నాయి. రెండవ వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న వెలువరించిన విద్యా ప్రకటన పిల్లల విద్యకు తొలి బాధ్యులు తల్లిదండ్రులేనని స్పష్టం చేసింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2024లో తమ పాఠశాలలకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఇతర మతాల విద్యార్థులపై క్రైస్తవ ఆచారాలను రుద్దరాదని, ఉదయపు సమావేశంలో రాజ్యాంగ పీఠికను చదివించాలని, అన్ని మతాల వారూ ప్రార్థించుకునే గది ఏర్పాటు చేయాలని అందులో సూచించింది.

శిశు తరగతులు: చేతి వేళ్ళతో మొదలు

ఎల్‌కేజీ, యూకేజీలలో చదువు కన్నా అలవాట్లే ప్రధానం. వరుసలో నిలబడడం, చేతులు కడుక్కోవడం, తన డబ్బా తానే తెరిచి తినడం, పక్కవాడితో పంచుకోవడం, అవసరమైనప్పుడు చెప్పి బయటికి వెళ్ళడం ఇక్కడ నేర్చుకుంటారు. రంగులు, ఆకారాలు, పాటలు, అక్షరాల గుర్తింపు, ఒకటి నుంచి అంకెలు తరువాతి వరుసలో వస్తాయి. వస్తువులను తాకి, పేర్చి, విడదీసి నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిని అనుసరించే బడులు ఉన్నాయి. ఆ పద్ధతికి ఆద్యురాలైన మరియా మాంటిస్సోరి 1939లో భారతదేశానికి వచ్చి మద్రాసులో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు.

2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వయసును 'పునాది దశ'గా పేర్కొని ఆటపాటల బోధనకు పెద్దపీట వేసింది. ఈ వయసులో బరువైన పుస్తకాల సంచి, ఇంటిపని ఉంటే బడిని అడగవలసిందే.

విశ్వాసపరంగా కతోలిక శిశువు ఈ దశలో నేర్చేది సిలువ గుర్తు వేసుకోవడం, భోజనానికి ముందు కృతజ్ఞత చెప్పడం, క్రిస్మస్ పశువుల పాకలో ఎవరెవరు ఉన్నారో గుర్తుపట్టడం. ఇతర పిల్లలు చేతులు జోడించి మౌనంగా నిలబడితే చాలు.

ఒకటి, రెండు తరగతులు: చదవడం రావాలి

ఈ రెండేళ్ళలో తేలవలసిన విషయం ఒక్కటే. బిడ్డకు చదవడం వచ్చిందా, లేదా? తెలుగులో గుణింతాలు, వత్తులు దాటి చిన్న వాక్యాలు చదవాలి. ఆంగ్లంలో అక్షరాల ధ్వనులు కలిపి పదాలు పలకాలి. కూడికలు, తీసివేతలు, స్థానవిలువ తెలియాలి. ఇక్కడ వెనకబడిన పిల్లవాడు పై తరగతుల్లో గణితంలోనూ సాంఘికంలోనూ వెనకబడతాడు. కారణం లెక్క రాకపోవడం కాదు, లెక్కలోని వాక్యం అర్థం కాకపోవడం. తండ్రి మగ్గం దగ్గర, తల్లి పొలం పనిలో ఉండే ఇళ్ళ నుంచి వచ్చే తొలితరం విద్యార్థికి ఇంట్లో చదివించే మనిషి ఉండరు. సాయంత్రం అరగంట బడిలోనే చదివించే ఏర్పాటు ఉందా అన్నది ఆ కుటుంబానికి ఆంగ్ల మాధ్యమం కన్నా ముఖ్యమైన ప్రశ్న.

సత్యోపదేశంలో పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం కంఠస్థం చేయిస్తారు. సృష్టి కథ, నోవహు ఓడ, బాలయేసు దేవాలయంలో తప్పిపోయి దొరికిన ఉదంతం కథలుగా చెబుతారు. నైతిక విద్య గదిలో నిజం చెప్పడం, దొరికిన వస్తువును తిరిగి ఇవ్వడం, జంతువులపై దయ వంటివి కథల రూపంలోనే సాగుతాయి.

మూడు నుంచి ఐదు: తొలి సత్ప్రసాదం

మూడో తరగతి నుంచి పరిసరాల విజ్ఞానం పుస్తకం తెరుచుకుంటుంది. ఈ మూడు పట్టణాల పిల్లలకు పాఠం ఇంటి ముందే ఉంది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగుల పక్కనే పెన్న. జమ్మలమడుగుకు చేరువలో మైలవరం జలాశయం, గండికోట లోయ. పులివెందుల చుట్టూ చీనీ, అరటి తోటలు. ప్రొద్దుటూరులో మగ్గాలు, బంగారు అంగళ్ళు. నది ఎందుకు ఎండుతుంది, బోరు ఎంత లోతుకు పోతోంది, నూలుకు రంగు ఎలా పడుతుంది అనే ప్రశ్నలను తరగతిలోకి తెచ్చే ఉపాధ్యాయురాలు దొరికితే పుస్తకం సగం బోధించినట్టే. ఎక్కాలు, భాగహారం, భిన్నాలు, పటంలో దిక్కులు గుర్తించడం, సొంతంగా అయిదారు వాక్యాలు రాయడం ఈ దశ ముగిసేలోపు రావలసినవి.

కతోలిక బిడ్డ జీవితంలో ఇది ముఖ్యమైన దశ. తొలి దివ్యసత్ప్రసాదం స్వీకరించేది ఈ వయసులోనే. 1910లో పదవ భక్తినాథ పోపు జారీ చేసిన శాసనం సుమారు ఏడేళ్ళ వయసును 'వివేకం వచ్చే వయసు'గా పేర్కొని, పిల్లలను ఎక్కువ కాలం వేచి ఉండనీయరాదని ఆదేశించింది. ఆచరణలో సన్నాహం పూర్తయ్యేసరికి మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో ఏదో ఒకటి అవుతుంది.

ఆ సన్నాహంలో పిల్లలు నేర్చేవి ఇవి: పది ఆజ్ఞలు, ఏడు దివ్యసంస్కారాల పేర్లు, పాపసంకీర్తనం చేసే విధానం, ఉత్తమ మనస్తాప జపం, దివ్యబలిపూజలోని భాగాలు, పూజలో పలకవలసిన సమాధానాలు. సత్ప్రసాదానికి గంట ముందు నుంచి నీళ్ళు, మందులు తప్ప మరేమీ తీసుకోరాదన్న నియమం కూడా అప్పుడే తెలుస్తుంది. పాపసంకీర్తనం పాఠంలో లోకజ్ఞానం ఉంది. చేసిన తప్పును పేరు పెట్టి చెప్పడం, దానికి క్షమాపణ అడగడం, తీసుకున్నది తిరిగి ఇవ్వడం, మళ్ళీ చేయనని నిశ్చయించుకోవడం అనే నాలుగు మెట్లను తొమ్మిదేళ్ళ పిల్లవాడు ఇక్కడ నేర్చుకుంటాడు.

ఇక్కడ ఒక చిక్కు వస్తుంది. తల్లి కతోలికురాలు, తండ్రి సి.ఎస్.ఐ. సంఘానికి చెందినవాడు అయిన ఇళ్ళు జమ్మలమడుగు ప్రాంతంలో అరుదు కాదు. తల్లిదండ్రులను సన్మానించాలన్న ఆజ్ఞ కతోలిక లెక్కలో నాలుగవది, ప్రొటెస్టంటు లెక్కలో ఐదవది. కతోలిక బైబిలులో 73 గ్రంథాలు, ప్రొటెస్టంటు బైబిలులో 66. ఆజ్ఞలు పదే, పాఠం ఒకటే, లెక్కించే తీరు వేరు. ఈ సంగతి ఇంట్లో ఒకసారి చెబితే బిడ్డ తికమకపడడు.

తొలి సత్ప్రసాదం సన్నాహం ప్రధానంగా విచారణకర్త బాధ్యత. తరగతులు బడిలో జరిగినా, ఆదివారం గుడిలో జరిగినా రిజిస్టరు విచారణలోనే ఉంటుంది. బడి ప్రోగ్రెస్ కార్డులోని మార్కులకు దీనితో సంబంధం లేదు.

ఆరు నుంచి ఎనిమిది: ప్రశ్నలు మొదలు

ఆరో తరగతిలో చదువు స్వరూపం మారుతుంది. ఒకే టీచరు అన్నీ చెప్పే రోజులు పోయి, విషయానికొక ఉపాధ్యాయుడు వస్తాడు. హిందీ చేరుతుంది. బీజగణితం మొదలవుతుంది. చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం విడివిడిగా కనిపిస్తాయి. ప్రయోగశాల తలుపు తెరుచుకుంటుంది. చాలామంది పిల్లలు జారిపోయేది కూడా ఇక్కడే. ఐదో తరగతి దాకా మొదటి వరుసలో ఉన్నవాడు ఏడుకు వచ్చేసరికి వెనక బెంచీకి చేరితే, కారణం తెలివి తగ్గడం కాదు. బీజగణితంలో ఒక మెట్టు తప్పడమో, ఆంగ్లంలో పేరా చదివి అర్థం చేసుకోలేకపోవడమో అయివుంటుంది.

ఏడో తరగతి తరువాత చదువు ఆగిపోవడం పేద ఇళ్ళలో ఒకప్పుడు ఆనవాయితీ. 2022 ఆగస్టులో కార్డినల్ పదవి పొందిన తొలి తెలుగువాడు, తొలి దళితుడు పూల ఆంథోని కూడా పేదరికం వల్ల ఏడో తరగతి దగ్గర చదువు ఆపవలసిన స్థితి వచ్చిందని, మిషనరీల తోడ్పాటుతో కడపకు వచ్చి చదువుకున్నానని చెప్పారు. ఆయన 1992లో కడప మేత్రాసనం గురువుగా అభిషిక్తులయ్యారు. ఆడపిల్లల విషయంలో ఈ ప్రమాదం నేటికీ పూర్తిగా తొలగలేదు. మరుగుదొడ్డి, నీటి వసతి, బస్సు సౌకర్యం, తెలిసిన టీచరమ్మ ఉన్న చోట ఆడపిల్ల బడి మానదు. కన్యస్త్రీల బడులపై తల్లులకు గల నమ్మకానికి మూలం చాలావరకు ఇదే. రాష్ట్రంలో ఈ పరంపర పాతది. నెదర్లాండ్స్ నుంచి జె.ఎం.జె. సభ కన్యస్త్రీలు 1904లో గుంటూరుకు వచ్చి ఆడపిల్లల చదువుకు పునాది వేశారు.

సత్యోపదేశం ఈ దశలో కథ నుంచి వివరణకు మారుతుంది. విశ్వాస సంగ్రహంలోని ఒక్కో వాక్యానికి అర్థం చెబుతారు. పాత నిబంధన, కొత్త నిబంధనల విభజన, సువార్తికుల పేర్లు, అపొస్తలుల ప్రయాణాలు, ఆగమన కాలం, తపస్సు కాలం వంటి ఆరాధన సంవత్సర విభాగాలు వస్తాయి. జపమాలలోని రహస్యాలు నేర్పుతారు. సంతోష, దుఃఖ, మహిమ రహస్యాలకు రెండవ జాన్‌పాల్ పోపు 2002లో వెలుగు రహస్యాలను చేర్చారు. బాలబాలికలు పూజ సహాయకులుగా, గాయక బృందంలో, మరియదళంలో చేరేది ఈ వయసులోనే.

నైతిక విద్య తరగతిలో శరీర మార్పులు, స్నేహాలు, కోపం, సెల్‌ఫోను, కులం పేరిట ఎగతాళి వంటి విషయాలు రావాలి. వీటిని దాటవేసి నీతి వాక్యాలు కంఠస్థం చేయించే బడిలో ఆ పీరియడ్ నామమాత్రమే. సురక్షిత స్పర్శ, అసురక్షిత స్పర్శ గురించి, 2012 పోక్సో చట్టం గురించి పిల్లలకు చెప్పారా అని తల్లిదండ్రులు అడగడంలో తప్పు లేదు.

తొమ్మిది, పది: పరీక్షా, పరిపక్వతా

తొమ్మిదో తరగతి నుంచి లక్ష్యం పబ్లిక్ పరీక్ష. రాష్ట్ర బోర్డు పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు, 600 మార్కులు. సామాన్య శాస్త్రంలో భౌతిక శాస్త్రానికి 50, జీవశాస్త్రానికి 50 మార్కులతో రెండు పత్రాలు. ఉత్తీర్ణతకు 35 మార్కులు కావాలి, హిందీకి మాత్రం 20 చాలు. 2025 మార్చి పరీక్షలు తొలిసారిగా ఎన్‌సీఈఆర్‌టీ ఆధారిత పాఠ్యపుస్తకాలపై జరిగాయి. పాత పుస్తకాల ప్రశ్నల నిధిని బట్టీ పట్టించే పద్ధతి వాటికి సరిపోదు.

ఈ ప్రాంతానికి పదో తరగతి మార్కులు మరింత విలువైనవి. పులివెందులకు దగ్గరలోని ఇడుపులపాయలో 2008లో ప్రారంభమైన ట్రిపుల్ ఐటీలో ప్రవేశాలు పదో తరగతి ప్రతిభ ఆధారంగానే జరుగుతాయి. ప్రభుత్వ బడుల విద్యార్థులకు అక్కడ 4 శాతం అదనపు మార్కులు కలుపుతారు. ప్రైవేటు కతోలిక బడి విద్యార్థికి ఆ వెసులుబాటు ఉండదు. ఎనిమిదో తరగతిలో రాసే జాతీయ ప్రతిభ, ఉపకార వేతన పరీక్ష కూడా ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ బడుల పిల్లలకే పరిమితం. ఎంపికైతే ఏడాదికి రూ.12,000 చొప్పున ఇంటర్ దాకా వస్తుంది. పేద కుటుంబం బడి మార్చే ముందు ఈ లెక్క వేసుకోవాలి.

విశ్వాస బోధనలో ఇది భద్రమైన అభ్యంగనం కాలం. పీఠాధిపతి విచారణకు వచ్చినప్పుడు పరిమళ తైలంతో నుదుట అభ్యంగనం చేసి ఇచ్చే సంస్కారం ఇది. తొలి సత్ప్రసాదం వేళ బిడ్డను తల్లిదండ్రులు నడిపించి తెస్తారు. ఇక్కడ ఆ యువతీయువకులే ముందుకు వచ్చి, జ్ఞానస్నానంలో పెద్దలు తమ తరఫున చేసిన ప్రమాణాన్ని స్వయంగా చేస్తారు. పరిశుద్ధాత్మ ఏడు వరాలు, మనస్సాక్షి, వివాహం, జీవం విలువ, శ్రీసభ సామాజిక బోధనలు పాఠాలుగా ఉంటాయి. యువ క్రైస్తవ విద్యార్థుల ఉద్యమం వంటి సంఘాల్లో 'చూడు, విచారించు, ఆచరించు' అనే పద్ధతిపై చర్చలు జరుగుతాయి. వీధిలో చెత్త పేరుకుంది, ఎందుకు పేరుకుంది, మనమేం చేయాలి అన్నంత చిన్న విషయంతోనే అవి మొదలవుతాయి. ఏడాదికొకసారి వడకం పేరిట ధ్యాన దినాలు పాటిస్తారు.

పది పూర్తయ్యాక దారులు విడిపోతాయి. ఎక్కువమంది ఇంటర్మీడియట్‌కు, కొందరు పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌కు, మరికొందరు ట్రిపుల్ ఐటీకి. అతి కొద్దిమంది గురువిద్యాలయానికో, మఠానికో వెళతారు. గురువు కావడానికి ఆ తరువాత పదేళ్ళకు పైబడిన శిక్షణ ఉంటుంది.

తెలుగు సంగతి

కతోలిక బడులపై ఈ ప్రాంతంలో తరచుగా వినిపించే ఫిర్యాదు తెలుగు గురించే. ఆంగ్ల మాధ్యమ బడుల్లో తెలుగు మాట్లాడితే జరిమానా వేసే అలవాటు ఒకప్పుడు విస్తృతంగా ఉండేది. దండన ఏ రూపంలో ఉన్నా 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ దానిని నిషేధించింది. శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపు కూడా దాని కిందికే వస్తుంది.

విచిత్రమేమంటే కతోలిక సంప్రదాయంలో తెలుగుకు లోటు లేదు. రెండవ వాటికన్ మహాసభ తరువాత దివ్యబలిపూజ లతీను నుంచి ప్రజల భాషలకు మారింది. జపాలు, కీర్తనలు, సత్యోపదేశం చక్కని తెలుగులో ఉన్నాయి. 'మేత్రాసనం', 'విచారణ', 'సత్ప్రసాదం' వంటి మాటలు ఆ బడి పిల్లలకే తెలిసిన తెలుగు. సత్యోపదేశం తెలుగులో, సామాన్య శాస్త్రం ఆంగ్లంలో నేర్చే పిల్లవాడికి రెండు భాషలూ బలపడాలంటే తెలుగు పండితుడిని తాత్కాలిక ఉద్యోగిగా చూడని యాజమాన్యం కావాలి. ఉర్దూ ఇంటి భాషగా గల ముస్లిం కుటుంబాల పిల్లలకైతే ఇది మూడో భాష అవుతుంది. వారికి చిన్న తరగతుల్లో అదనపు తోడ్పాటు అవసరం.

రిజిస్టరులో రాసే ఒక్క మాట

ప్రవేశం రోజున కులం, మతం గడుల్లో రాసే మాట పిల్లవాడి భవిష్యత్తును చాలా దూరం వెంటాడుతుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులు మాత్రమే షెడ్యూల్డు కులాల హోదాకు అర్హులు. క్రైస్తవం స్వీకరించిన దళితులూ వారి సంతతీ రాష్ట్రంలో బి.సి.-సి వర్గం కిందికి వస్తారు. ఆ వర్గానికి 1 శాతం రిజర్వేషన్ ఉంది. షెడ్యూల్డు తెగలకు ఈ మత నిబంధన వర్తించదు. మతం మారిన షెడ్యూల్డు కులాల వారి హోదాను పరిశీలించేందుకు కేంద్రం 2022లో జస్టిస్ కె.జి.బాలకృష్ణన్ అధ్యక్షతన సంఘాన్ని నియమించింది. ఫారం నింపేటప్పుడు గుమస్తాకు వదిలేయకుండా, ధ్రువపత్రంలో ఉన్నదే రిజిస్టరులోకి ఎక్కిందో లేదో తల్లిదండ్రులు స్వయంగా చూసుకోవాలి. పదో తరగతి తరువాత సవరణ కోసం కార్యాలయాల చుట్టూ తిరగడం కన్నా ఆ రోజు అయిదు నిమిషాలు ఆగడం మేలు.

ఎయిడెడ్ బడుల మార్పు

కతోలిక బడుల్లో కొన్ని ప్రభుత్వ జీతాలు పొందే ఎయిడెడ్ బడులు. 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం ఎయిడెడ్ సిబ్బందిని ప్రభుత్వ విద్యాసంస్థల్లోకి తీసుకునే ప్రక్రియ చేపట్టింది. ఆందోళనలు రావడంతో అదే ఏడాది నవంబరులో, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే అవకాశం యాజమాన్యాలకు కల్పించింది. ఎయిడెడ్ హోదా పోయిన చోట ఫీజులు పెరుగుతాయి, లేదా ఉపాధ్యాయులు తగ్గుతారు. కనుక నాన్నమ్మ కాలంలో ఉచితంగా చదువు చెప్పిన బడి ఇప్పుడు ఏ హోదాలో ఉందో అడగడం తప్పనిసరి.

విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు బడుల్లో ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు కేటాయించాలి. అయితే అల్పసంఖ్యాక వర్గాల బడులకు ఈ నిబంధన వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో తీర్పు ఇచ్చింది. 2025 సెప్టెంబరులో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పుపై సందేహం వ్యక్తం చేసి, విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. ఈ కోటా కింద దరఖాస్తు చేసే తల్లిదండ్రులకు జాబితాలో కతోలిక బడి కనిపించకపోతే కారణం ఇదే. 2025 జూన్‌లో మొదలైన 'తల్లికి వందనం' మాత్రం గుర్తింపు ఉన్న ప్రైవేటు బడులకూ వర్తిస్తుంది. విద్యార్థికి రూ.15,000 చొప్పున కేటాయించగా, అందులో రూ.13,000 తల్లి ఖాతాలో జమ అవుతాయి.

చేర్చే ముందు అడగవలసినవి

* బడిని నడిపేది ఎవరు? మేత్రాసనమా, మఠవాసుల సభా, ప్రైవేటు సొసైటీనా?
* గుర్తింపు ఏ తరగతి వరకు ఉంది? 11 అంకెల యూడైస్ నంబరు ఎంత? ఎనిమిది దాకా మాత్రమే గుర్తింపు ఉంటే పదో తరగతి పరీక్ష ఏ బడి పేరిట రాయిస్తారు?
* బడి ఎయిడెడా, అన్ఎయిడెడా? ఫీజుకు రశీదు ఇస్తారా? ఏడాది మధ్యలో వేరే వసూళ్ళు ఉంటాయా?
* సత్యోపదేశం గంటలో ఇతర మతాల పిల్లలకు ఏ తరగతి నడుస్తుంది? దానికి పుస్తకం, ఉపాధ్యాయుడు ఉన్నారా?
* ప్రార్థనలో, పూజలో పాల్గొనడం ఐచ్ఛికమేనా? సమ్మతిని లిఖితపూర్వకంగా అడుగుతారా?
* తెలుగు, ఉర్దూ మాట్లాడే పిల్లలకు చిన్న తరగతుల్లో తోడ్పాటు ఏమిటి?
* చదువులో వెనకబడిన పిల్లలను తొమ్మిదో తరగతిలో టీసీ ఇచ్చి పంపుతారా, నిలబెట్టి చదివిస్తారా?

చివరి ప్రశ్నకు వచ్చే సమాధానమే బడి స్వభావాన్ని తెలుపుతుంది. పదో తరగతి ఫలితాల బోర్డుపై నూరు శాతం అని రాసుకోవడం కోసం బలహీన విద్యార్థిని ముందే పంపివేసే బడి, ఆ గోడకు ఏ పునీతుని పటం తగిలించుకున్నా, సత్యోపదేశం గంటలో చెప్పే తప్పిపోయిన గొర్రె కథను తానే మరచినట్టు. అటువంటి విద్యార్థిని ఆపి, సాయంత్రం మరో గంట కూర్చోబెట్టి గట్టెక్కించే బడి అయితే, అది ఏ మతానిదైనా, ఊళ్ళో ఎంత చిన్నదైనా, బిడ్డను అప్పగించవచ్చు.